రెండు చప్పుళ్ల మధ్య ఖాళీ: సరుకుల హాయిస్టుకు కరెంటుతో వదిలే బ్రేకు అమర్చిన కేస్ స్టడీ

నాకు వచ్చిన ఫిర్యాదు ఒక్క వాక్యమే: "బ్రేకు లైనింగు నెల తిరక్కుండానే అరిగిపోతోంది, ఈసారి మొత్తం బ్రేకే మార్చి పెట్టండి."

యంత్రం రెండు అంతస్తుల మధ్య సరుకులు ఎత్తి దించే ప్లాట్‌ఫారం. దాని మీద మనుషులు ఎక్కకూడదు. మనుషులు ఎక్కే లిఫ్టుకు నియమాలు వేరు, బ్రేకు నిర్మాణం కూడా వేరు. ఇక్కడ రాసినదాన్ని దానికి అన్వయించవద్దని ముందే చెబుతున్నాను. ప్లాట్‌ఫారం బరువు 300 కిలోలు, ఎక్కించే సరుకు 700 కిలోలు, మొత్తం 1000. వేగం సెకనుకు 0.2 మీటర్లు. మోటారు 3 కిలోవాట్లు, నిమిషానికి 1440 చుట్లు. మోటారు తర్వాత గేర్‌బాక్సు, డ్రమ్ము, వైర్ రోపు. బ్రేకు మోటారు వెనక, ఫ్యాను మూతకు లోపల ఉంటుంది.

ఈ రకం బ్రేకు పని తీరు తెలియనివారి కోసం రెండు మాటలు. బ్రేకు పట్టేది స్ప్రింగుల బలంతో, వదిలేది కరెంటుతో. మోటారు షాఫ్టు మీద పళ్లున్న హబ్బు, దాని మీద ముందుకూ వెనక్కూ జరగగలిగే లైనింగు డిస్కు (రాపిడితో పట్టే పొర అంటించిన బిళ్ల) ఉంటాయి. డిస్కుకు ఒక పక్క మోటారు వెనక మూత, రెండో పక్క ఆర్మేచర్ ప్లేటు, అంటే అయస్కాంతానికి అంటుకునే ఇనప పలక. కాయిల్‌కు కరెంటు లేనప్పుడు స్ప్రింగులు ఆర్మేచర్ ప్లేటును డిస్కు మీదికి నొక్కి షాఫ్టును బిగించి పట్టుకుంటాయి. కాయిల్‌కు కరెంటు ఇవ్వగానే అయస్కాంతం ప్లేటును వెనక్కి లాగుతుంది, డిస్కు స్వేచ్ఛగా తిరుగుతుంది. కరెంటు పోయినా, వైరు తెగినా, కాయిల్ కాలినా బ్రేకు పట్టే ఉంటుంది. బరువులు ఎత్తే యంత్రాలకు దీన్ని ఎంచుకునేది అందుకే.

ఈ ఏర్పాటులో ఒక్క మెలిక ఉంది. బ్రేకు పట్టడానికి కరెంటు అక్కరలేదు కానీ, కాయిల్‌లో అప్పటిదాకా ప్రవహిస్తున్న కరెంటు చచ్చేదాకా స్ప్రింగులకు స్వేచ్ఛ ఉండదు. ఆ కరెంటు ఎంత త్వరగా చస్తుందో వైరింగే నిర్ణయిస్తుంది. ఈ కేసులో నేను నేర్చుకున్నదంతా ఆ మెలిక చుట్టూనే ఉంది.

పాత బ్రేకు దగ్గర కనిపించినవి

ఏ బ్రేకునైనా విప్పే ముందు నేను వేసుకునే ప్రశ్న ఒకటే: బరువు ఇప్పుడు దేని మీద నిలబడి ఉంది? హాయిస్టులో బరువును ఆపి ఉంచేది బ్రేకు. దాన్ని విప్పితే ప్లాట్‌ఫారం కిందికి వస్తుంది. మెయిన్ స్విచ్చి దించి తాళం వేసినంత మాత్రాన సరిపోదు, ఎందుకంటే భూమి ఆకర్షణకు తాళం లేదు. ఖాళీ ప్లాట్‌ఫారాన్ని పూర్తిగా కిందికి దించి, కింద ఉక్కు దిమ్మెల మీద కూర్చోబెట్టి, వైర్ రోపు వదులైందని చేత్తో కదిపి చూశాకే ఫ్యాను మూత విప్పాను.

మొదట కళ్లబడింది చేత్తో వదిలే లివరు. దానికి సన్నని కట్టుడు తీగ నాలుగు చుట్లు చుట్టి, కొసను ఫ్యాను మూత బోల్టుకు ముడివేశారు. లివరు పూర్తిగా లాగి లేదు, సగం లాగి ఉంది. అంటే బ్రేకు పూర్తి బలంతో పట్టేది కాదు. అక్కడి ఫిట్టర్‌ను పక్కకు పిలిచి అడిగాను.

"సార్, ఆ తీగ విప్పితే మోటారు కదలదు. మూలుగుతుంది, డ్రైవ్ ట్రిప్ అవుతుంది. పని ఆగకూడదని కట్టాం," అన్నాడు. డ్రైవ్ అంటే మోటారు వేగాన్ని మార్చే ఎలక్ట్రానిక్ పెట్టె, ట్రిప్ అంటే అది తనంతట తాను ఆగిపోవడం.

అతను దాచలేదు, అది నాకు మేలు చేసింది. తీగ కట్టడం ప్రాణాంతకమైన పని. అదే సమయంలో అది అసలు రోగం ఎక్కడుందో చూపించింది. బ్రేకు సరిగా వదలడం లేదు, అందుకే చేత్తో వదిలించారు. మరి ఎందుకు వదలడం లేదు?

లైనింగు బయటికి తీశాను. ఒక పక్క గాజులా నునుపు తేలి మెరుస్తోంది. డిస్కు రుద్దుకునే మూత ముఖం మీద నీలం రంగు మచ్చలు ఉన్నాయి. ఆగినప్పుడు మాత్రమే పట్టే బ్రేకుకు అంత వేడి పుట్టదు. తిరుగుతున్నంతసేపూ రాసుకున్న బ్రేకు ఇది.

టెర్మినల్ బాక్సు మూత తీయగానే సంగతి తెలిసింది. బ్రేకు రెక్టిఫయర్‌కు (కాయిల్ కోసం ఏసీని డీసీగా మార్చే పరికరం) కరెంటు మోటారు టెర్మినళ్ల నుంచే తీసుకున్నారు. ఆ మోటారును ఒకప్పుడు కాంటాక్టర్‌తో (కరెంటుతో పనిచేసే పెద్ద స్విచ్చి) నేరుగా 400 వోల్టుల మీద నడిపేవారు. అప్పుడు ఆ కనెక్షన్‌తో పని జరిగేది: మోటారుకు కరెంటు వస్తే బ్రేకుకూ వచ్చేది. తర్వాత వేగం మార్చే డ్రైవ్ పెట్టారు. డ్రైవ్ పెట్టినవాళ్లు మోటారు వైర్లు మార్చారు, బ్రేకు వైర్లను మాత్రం ఉన్నచోటే వదిలేశారు.

డ్రైవ్ ఇచ్చే వోల్టేజీ స్థిరంగా ఉండదు, ఫ్రీక్వెన్సీతో పాటు పెరుగుతుంది, తగ్గుతుంది. 50 హెర్ట్జ్ దగ్గర 400 వోల్టులైతే 10 హెర్ట్జ్ దగ్గర సుమారు 80. అక్కడున్నది హాఫ్ వేవ్ రెక్టిఫయర్, అంటే ఏసీ తరంగంలో సగాన్నే వాడుకునేది. ఏసీ వోల్టేజీని 0.45తో గుణిస్తే దాని డీసీ వస్తుంది: 80 వోల్టులకు 36. కాయిల్‌కు కావలసింది 180. బయలుదేరేటప్పుడు మోటారు లాగుతుంది, బ్రేకు వదలదు, రెండూ పెనుగులాడతాయి. వేగం పెరిగి వోల్టేజీ చాలినంత అయ్యాకే ప్లేటు వెనక్కి వస్తుంది. ఆగేటప్పుడు ప్లేటును పట్టి ఉంచడానికి తక్కువ వోల్టేజీ చాలు కాబట్టి కొంతసేపు ఓర్చుకుంటుంది గానీ, మోటారు నిలవకముందే బ్రేకు పట్టేస్తుంది. ప్రతి ప్రయాణంలో రెండుసార్లు రాపిడి. డ్రైవ్ ఔట్‌పుట్ నిజానికి వేల హెర్ట్జ్ వేగంతో కొట్టుకునే పల్సుల వరస, మామూలు రెక్టిఫయర్ దాన్ని భరించడానికి తయారైంది కాదు. లైనింగు నెలకోసారి పోవడంలో వింత లేదు. బ్రేకు మాత్రమే మార్చి, వైరింగు అలాగే ఉంచి ఉంటే నా కొత్త లైనింగు కూడా నెలకే పోయేది.

కొత్త బ్రేకు ఎంపిక

మోటారు టార్క్ (తిప్పే బలం) లెక్క అందరికీ తెలిసిందే: 9550ని కిలోవాట్లతో గుణించి, నిమిషానికి చుట్లతో భాగించాలి. 3 కిలోవాట్లు, 1440 చుట్లు అంటే సుమారు 20 న్యూటన్ మీటర్లు. 1000 కిలోల బరువు మోటారు షాఫ్టు దగ్గర కలిగించే టార్క్, ఘర్షణ నష్టాలు వదిలేస్తే, 13. నేను 40 న్యూటన్ మీటర్ల బ్రేకు తీసుకున్నాను. బరువు టార్క్‌కు మూడు రెట్లు. ఇంకా పెద్దది పెట్టమని యాజమాన్యం అడిగింది. వద్దన్నాను. పైకి వెళ్తున్న ప్లాట్‌ఫారం ఆగేటప్పుడు బ్రేకుకు తోడు బరువు కూడా షాఫ్టును ఆపుతుంది. బ్రేకు మరీ బలమైనదైతే ఆ ఆగడం సుత్తి దెబ్బలా గేరు పళ్ల మీద పడుతుంది, రోపు క్షణకాలం వదులై మళ్లీ జెర్కుతో బిగుసుకుంటుంది.

కాయిల్ 205 వోల్టుల డీసీ, 50 వాట్లు. ప్యానెల్‌లో స్థిరమైన 230 వోల్టుల సరఫరా ఉంది. ఫుల్ వేవ్ బ్రిడ్జి రెక్టిఫయర్‌తో దాన్ని 0.9తో గుణిస్తే 207 వస్తుంది, సరిగ్గా సరిపోతుంది. ఇదే కాయిల్‌కు ఎవరైనా హాఫ్ వేవ్ రెక్టిఫయర్ తగిలిస్తే 103 వోల్టులే అందుతాయి. రెండు రెక్టిఫయర్లూ చూడటానికి ఒకేలా ఉంటాయి, ఒకే పెట్టెలో పట్టేస్తాయి. స్టోర్ నుంచి వచ్చినదాని మీద చిన్న అక్షరాలు చదవకుండా బిగించవద్దు.

అమరిక

మూత ముఖం మీది నీలం మచ్చలు పైపైనే ఉన్నాయి, గాడి పడలేదు. సన్నని ఎమెరీ కాగితంతో సమం చేసి, నూనె లేని క్లీనర్‌తో తుడిచాను. బేరింగు వైపు సీలు పొడిగా ఉందని చూసుకున్నాను. గ్రీజు ఒక్క చుక్క లైనింగుకు అంటితే కడిగి మళ్లీ వాడటం ఉండదు, డిస్కు మార్చాల్సిందే. హబ్బును కీ మీద కూర్చోబెట్టి సర్‌క్లిప్పు వేశాను. డిస్కు హబ్బు పళ్ల మీద వేలితో నెడితే జారుతోంది, ఎక్కడా పట్టేయడం లేదు.

బ్రేకును మూడు బోల్టులతో బిగించి, సన్నని పలకలతో సందు కొలిచే ఫీలర్ గేజితో గ్యాపు చూశాను. ఆర్మేచర్ ప్లేటుకూ కాయిల్ బాడీకీ మధ్య గాలి ఖాళీ ఈ బ్రేకుకు 0.3 మిల్లీమీటర్లు ఉండాలి, 0.75 దాటకూడదు. గ్యాపు చుట్టూ ఒకేలా ఉండాలి కాబట్టి మూడు చోట్ల చూడాలి. మొదటి బోల్టు దగ్గర 0.30 పలక కొంచెం రాసుకుంటూ దూరింది. రెండో చోట కూడా అంతే. మూడో చోట అదే పలక ఏ అడ్డూ లేకుండా లోపలికి జారిపోయింది. 0.40 దూరింది. 0.45 పలక దగ్గరికి వచ్చేసరికి రాపిడి తగిలింది.

అక్కడే గ్యాపు సర్దే స్లీవు స్క్రూ తిప్పి సరిచేయాలని చెయ్యి ఆరాటపడుతుంది. తిప్పితే గేజి లెక్క సరిపోతుంది, బ్రేకు మాత్రం వంకరగానే కూర్చుని ఉంటుంది. బోల్టులన్నీ విప్పి మళ్లీ బయటికి తీశాను. మూడో బోల్టు రంధ్రం చుట్టూ, మూత మీద, పెయింటు చుక్క ఒకటి గట్టిపడి ఉంది. మోటారుకు ఎప్పుడో రంగు వేసినప్పుడు జారిన చుక్క. పాత బ్రేకు దాని మీదే ఏళ్లుగా ఒరిగి కూర్చుంది. గోకి తీసి, తయారీదారు చెప్పిన టార్క్‌కు బోల్టులను కొంచెం కొంచెంగా, వంతులవారీగా బిగించాక మూడు చోట్లా 0.30 వచ్చింది.

చేత్తో వదిలే లివరు బిగించి, ఒకసారి లాగి, స్ప్రింగుల బలంతో తిరిగి తన చోటికి వస్తోందని చూసి, మళ్లీ విప్పి ఫిట్టర్ చేతికిచ్చాను. అవసరం పడ్డప్పుడు మాత్రమే బిగించి, పని అవగానే తీసేయాలని చెప్పాను. లివరు యంత్రం మీద ఉంటే ఎప్పుడో ఒకసారి ఎవరో దానికి తీగ కడతారు. ఈ మాట మీద నేను రాజీ పడను.

వైరింగు

కాయిల్ నిరోధం 838 ఓమ్‌లు వచ్చింది. 205 వోల్టుల వర్గాన్ని 50 వాట్లతో భాగిస్తే 840, కాబట్టి కాయిల్ సరైనదే. ఇన్సులేషన్ పరీక్షను రెక్టిఫయర్ తీగలు వేరు చేశాకే చేశాను, మెగ్గర్ వోల్టేజీకి డయోడ్లు పోతాయి.

సరఫరాను మోటారు టెర్మినళ్ల నుంచి పూర్తిగా విడదీశాను. ప్యానెల్‌లో ప్రత్యేకంగా ఒక ఎంసీబీ, దాని తర్వాత బ్రేకు కాంటాక్టర్, అక్కడి నుంచి మోటారు దాకా విడి కేబుల్. కాంటాక్టర్‌ను నడిపేది డ్రైవ్‌లోని బ్రేకు రిలే. దానికి వరసలో ఎమర్జెన్సీ సర్క్యూట్ కాంటాక్టు ఉంది. కాంటాక్టులు అతుక్కుపోతే బ్రేకు తెరుచుకునే ఉండిపోతుంది, అందుకని ఎమర్జెన్సీ సర్క్యూట్ విడిగా తెంచే ఇంకో కాంటాక్టర్‌ను ఏసీ వైపు వరసలో పెట్టి, రెండింటి సహాయక కాంటాక్టులనూ డ్రైవ్‌కు తిరిగి చూపించాను. ఏదైనా ఒకటి పడకపోతే తర్వాతి ప్రయాణం మొదలవదు.

ఇక అసలు విషయం. బ్రిడ్జి రెక్టిఫయర్‌కు ఏసీ వైపు మాత్రమే కరెంటు తెంచితే, కాయిల్‌లోని కరెంటు వెంటనే ఆగదు. కాయిల్ అంటే శక్తిని దాచుకున్న అయస్కాంతం. దానికి బ్రిడ్జిలోని డయోడ్ల గుండా దారి దొరుకుతుంది, చుట్టూ తిరుగుతూ మెల్లగా నీరసిస్తుంది. అంతదాకా ప్లేటు వదలదు. డీసీ వైపు, అంటే రెక్టిఫయర్‌కూ కాయిల్‌కూ మధ్య తెంచితే దారి మూసుకుపోతుంది, కరెంటు ఒక్కసారిగా పడిపోతుంది. ఈ పరిమాణం బ్రేకుకు ఏసీ వైపు తెంచితే పట్టడానికి సుమారు 200 మిల్లీసెకన్లు, డీసీ వైపు తెంచితే సుమారు 50.

డీసీ వైపు తెంచడం తేలిక కాదు. ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నా దాటుతుంది, అక్కడ ఆర్కు ఆరిపోతుంది. డీసీకి ఆ విరామం లేదు. చిన్న సహాయక కాంటాక్టుతో ఈ పని చేస్తే కొద్ది రోజుల్లోనే నల్లబడి అతుక్కుంటుంది. అందుకని దీనికి విడిగా ఒక కాంటాక్టర్ పెట్టి, దాని మెయిన్ పోల్స్ మూడింటినీ వరసలో కలిపి వాడాను. కరెంటు హఠాత్తుగా తెగినప్పుడు కాయిల్ విసిరే పెద్ద వోల్టేజీని తట్టుకోవడానికి కాయిల్ చివరల మధ్య వేరిస్టర్ పెట్టాను.

ఈ రెక్టిఫయర్‌లో డీసీ వైపు కాంటాక్టు కోసం రెండు టెర్మినళ్లు కేటాయించి ఉన్నాయి. వాటికి వెళ్లే రెండు తీగలనూ అక్కడి ఎలక్ట్రీషియను డ్రాయింగు ప్రకారం బిగించాడు. ఫెరూల్ (తీగ చివర తొడుగు) నంబర్లు సరిచూశాను. లాగి చూశాను, గట్టిగా ఉన్నాయి. మూత పెట్టేశాం. అక్కడ నేను ఒకటి చూడలేదు.

పరీక్ష, మొదటి చప్పుడు, రెండో చప్పుడు

ఎమర్జెన్సీ స్టాప్ దూరాన్ని బటన్ నొక్కి కొలిస్తే మనిషి చేతి ఆలస్యం కూడా అందులో కలుస్తుంది. అందుకని గైడు పట్టా మీద చిన్న ప్రాక్సిమిటీ స్విచ్చి (తాకకుండానే పసిగట్టేది) బిగించి, ప్లాట్‌ఫారం దాని ముందు నుంచి వెళ్లగానే ఎమర్జెన్సీ సర్క్యూట్ తెగేలా తాత్కాలికంగా కలిపాను. స్విచ్చి పనిచేసిన చోటు నుంచి ఆగిన చోటుకు ఉక్కు స్కేలుతో కొలవడమే.

పరీక్షకు ముందు లెక్క కాగితం మీద వేసుకోవడం నా అలవాటు. కొలిచాక వేసే లెక్క ఎప్పుడూ కొలతకు సరిపోతుంది, అందుకే దాన్ని నమ్మను. ఖాళీ ప్లాట్‌ఫారం కిందికి దిగుతుండగా, 50 మిల్లీసెకన్లకు బ్రేకు పడితే ఆగే దూరం 16 మిల్లీమీటర్లు రావాలి. రిలే, కాంటాక్టర్ పడే సమయం కలుపుకొని 20 చుట్టూ అనుకున్నాను.

వచ్చింది 63.

రెండోసారి 61. మూడోసారి 64. సరుకు ఎక్కించే ప్రయత్నం అక్కడితో ఆపేశాను. ఖాళీ ప్లాట్‌ఫారమే లెక్క తప్పుతుంటే బరువు వేసి చూడటం పరీక్ష అనిపించుకోదు.

యంత్రం ఎదుట కళ్లు మూసుకుని మళ్లీ ఒకసారి ఆపించాను. ప్యానెల్‌లో కాంటాక్టర్ పడిన 'టక్' వినిపించింది. తర్వాత చిన్న ఖాళీ. ఆపైన బ్రేకు పట్టిన 'ధబ్'. రెండు చప్పుళ్లూ విడివిడిగా వినిపించాయి. 50 మిల్లీసెకన్ల తేడాతో వచ్చే చప్పుళ్లు చెవికి దాదాపు ఒక్కటిగా కలిసిపోతాయి. విడిగా వినిపించాయంటే ఆలస్యం దానికి చాలా రెట్లు ఉందన్నమాట. డీసీ వైపు తెంచుతున్నా బ్రేకు ఏసీ వైపు తెంచినట్టే ప్రవర్తిస్తోంది.

కరెంటు తీసి, తాళం వేసి, వోల్టేజీ లేదని చూసుకుని, రెక్టిఫయర్ మూత తెరిచాను. డీసీ కాంటాక్టు టెర్మినళ్ల మధ్య మల్టీమీటర్ పెట్టాను. కాంటాక్టర్ పడి ఉంది, కాబట్టి దారి తెగి ఉండాలి. మీటరు సున్నా ఓమ్‌లు చూపించింది. తీగల స్క్రూలు వదులు చేసి ఫెరూళ్లను పైకి లేపితే, వాటి కింద యు ఆకారంలో సన్నని రాగి రేకు ఒకటి రెండు టెర్మినళ్లనూ కలుపుతూ కూర్చుని ఉంది.

ఫ్యాక్టరీ నుంచే అమర్చి వచ్చే లింకు అది. డీసీ కాంటాక్టు వాడనివారి కోసం పెడతారు. వాడేవారు తీసేయాలి. మా ఎలక్ట్రీషియను తీగలను దాని మీదే బిగించాడు. కాంటాక్టర్ తెరుచుకున్నా లింకు గుండా కరెంటుకు దారి ఉంది. తెంచుతున్న పని మొత్తం ఏసీ వైపు కాంటాక్టర్‌దే. తీగలు లాగి చూసిన నేను, వాటి కింద ఏముందో చూడలేదు. తప్పు అతనిది ఎంతో నాదీ అంతే. డ్రాయింగులో లింకు గీత లేదు, ఆ గీత వేయవలసినవాణ్ని నేనే.

లింకు తీసి, తీగలు బిగించి, మళ్లీ పరీక్షించాం. 21 మిల్లీమీటర్లు. రెండు చప్పుళ్లూ ఒక్కటయ్యాయి.

ఆ 150 మిల్లీసెకన్ల ఖరీదు

ఖాళీ ప్లాట్‌ఫారం దగ్గర తేడా 40 మిల్లీమీటర్లే కదా అనిపించవచ్చు. నిండు బరువుతో ఏం జరిగేదో లెక్క వేసి చూడండి. దిగే బరువు, గేరు నష్టాలు పోను, మోటారు షాఫ్టు మీద సుమారు 11 న్యూటన్ మీటర్ల టార్క్ వేస్తుంది. మోటారు రోటరు, బ్రేకు హబ్బు, బరువు అన్నీ కలిపి షాఫ్టు దగ్గర జడత్వం సుమారు 0.0125 కిలోగ్రామ్ మీటర్ వర్గం. ఎమర్జెన్సీలో డ్రైవ్ టార్క్ తక్షణం పోతుంది, బ్రేకు ఇంకా పట్టదు. ఆ మధ్య వ్యవధిలో షాఫ్టును పట్టుకున్నది ఏదీ లేదు. 1440 చుట్ల మీద దిగుతున్న మోటారు 50 మిల్లీసెకన్లలో 1860 దాకా వెళ్తుంది. 200 మిల్లీసెకన్లయితే 3100 దాటుతుంది. వేగం రెట్టింపు కన్నా ఎక్కువ.

ఆగే దూరం 22 మిల్లీమీటర్లకు బదులు 94 అవుతుంది. దూరం కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేది వేడి. వేగం పెరిగితే లైనింగు మింగవలసిన శక్తి దాని వర్గంలో పెరుగుతుంది. ఒక్కో ఆగుదలకు సుమారు 330 జౌళ్లకు బదులు 920, అంటే దాదాపు మూడు రెట్లు. బ్రేకు అదే, స్ప్రింగులు అవే, 40 న్యూటన్ మీటర్లూ అవే. వేలెడు పొడవు కూడా లేని రాగి రేకు ఒక్కటే తేడా.

సాధారణంగా ఆపినప్పుడు ఈ తేడా అసలు కనిపించేదే కాదు. డ్రైవ్ మోటారును మెల్లగా నిలిపి, బ్రేకు పట్టేదాకా తానే బరువును మోస్తుంది. రోజూ వందసార్లు సాఫీగా ఆగుతుంది, ఎవరికీ అనుమానం రాదు. ఎమర్జెన్సీ బటన్ నొక్కిన రోజున, లేదా కరెంటు పోయిన రోజున మాత్రమే అది బయటపడుతుంది. అందుకే మామూలు స్టాప్ చూసి బ్రేకు బాగుందని నేను సంతకం పెట్టను.

కరెంటు పోయినప్పటి పరీక్షను కూడా విడిగా చేయాలి. ప్యానెల్ మెయిన్ స్విచ్చిని మధ్య ప్రయాణంలో దించి చూశాను, 24 మిల్లీమీటర్లు వచ్చింది. తర్వాత నిండు బరువుతో 29. చివరగా 110 శాతం బరువుతో నడిపి, 125 శాతం బరువును నేల నుంచి కాస్త ఎత్తులో వేలాడదీసి బ్రేకు మీద పది నిమిషాలు నిలిపాను. క్రేన్ల పరీక్షకు ఐఎస్‌ఓ 4310 చెప్పే నిష్పత్తులు ఇవి. హబ్బు మీద సుద్దతో గీసిన గీత కదల్లేదు.

డ్రైవ్ సెట్టింగులు

ఇవి తయారీదారును బట్టి పేర్లు మారతాయి, సారం ఒకటే. బయలుదేరేటప్పుడు డ్రైవ్ ముందు మోటారులో టార్క్ పుట్టించాలి, అది పుట్టిందని చూసుకున్నాకే బ్రేకు వదలమనాలి, ప్లేటు వెనక్కి రావడానికి 150 మిల్లీసెకన్లు ఆగి అప్పుడు వేగం పెంచాలి. ఇది తారుమారైతే పైకి వెళ్లమంటే ప్లాట్‌ఫారం ముందు కొంచెం కిందికి జారి ఆపైన లేస్తుంది. ఆగేటప్పుడు దీనికి తలకిందులు: దాదాపు నిలిచాక బ్రేకు పట్టమని చెప్పి, పట్టేదాకా టార్క్ ఇస్తూ, తర్వాతే వదలాలి. బ్రేకు పట్టే ఫ్రీక్వెన్సీని 2 హెర్ట్జ్ దగ్గర పెట్టాను. ఈ మోటారు నిండు బరువు మీద స్లిప్పు (అయస్కాంత క్షేత్రం కన్నా రోటరు వెనకబడే తేడా) దాదాపు అంతే. అంతకన్నా పైన పెడితే బ్రేకు తిరుగుతున్న షాఫ్టును పడుతుంది, లైనింగు మళ్లీ అరుగుతుంది.

బ్రేకు మీది మైక్రోస్విచ్చిని డ్రైవ్‌కు కలిపాను. వదలమన్నాక ప్లేటు నిజంగా వెనక్కి రాకపోతే మోటారు పెనుగులాడకుండా ట్రిప్ అవుతుంది. పాత ఏర్పాటులో ఈ స్విచ్చి ఉండి ఉంటే లివరుకు తీగ కట్టే రోజు వచ్చేది కాదు.

తర్వాత

కొత్త లైనింగు ముఖం పూర్తిగా ఆనేదాకా బ్రేకుకు పూర్తి బలం రాదు. నిండు బరువు వేయకముందే తక్కువ బరువుతో ముప్పై ఆపుదలలు చేయించాను, మధ్యమధ్య చల్లారనిస్తూ. అప్పుడు గ్యాపు 0.32. మూడు నెలలకు వెళ్లి చూస్తే 0.34, మూడు చోట్లా. 0.75 దాకా ఇంకా చాలా దూరం ఉంది. నెలకో లైనింగు మింగిన యంత్రమే ఇది. చేత్తో వదిలే లివరు ఫిట్టర్ అల్మారాలో, నేనిచ్చిన చోటే వేలాడుతోంది.

రెక్టిఫయర్ ఎప్పుడో ఒకరోజు పోతుంది. మార్చేవారికి కొత్త రెక్టిఫయర్ వస్తుంది, దానితో పాటు లింకు కూడా బిగించి వస్తుంది. అందుకని డ్రాయింగులో ఆ రెండు టెర్మినళ్ల మధ్య ఎర్ర సిరాతో 'లింకు తీయాలి, తీశాక ఓమ్ మీటరుతో చూడాలి' అని రాశాను. మేము తీసిన రాగి రేకును పారదర్శక టేపుతో ప్యానెల్ తలుపు లోపలి వైపు, ఆ డ్రాయింగు పక్కనే అంటించాను. వచ్చేవారు దేనికోసం వెతకాలో దాని ఆకారం చూస్తే తెలుస్తుంది.